కుంచెకు అవతలి కొస

ఇరవై ఏళ్ళు వచ్చేదాకా నా చేతుల మీదుగా ఒక్క తప్పు కూడా జరగలేదు. అంత అదృష్టవంతుణ్ణి నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ప్రొద్దుటూరులో ఆరో తరగతిలోనే బడి మానేశాను. ఆ తప్పు అయ్యవారిది. ఆయన ఎక్కాలు చెప్పమంటే నేను చెప్పేవాణ్ణే, కాకపోతే ఆయన గొంతుతో, ఆయన ముక్కుపొడుం పీల్పుతో సహా చెప్పేవాణ్ణి. పిల్లలు నవ్వితే ఆయనకు కోపం వచ్చేది. కోపం వచ్చింది ఆయనకు కదా, మధ్యలో నాదేముంది?

తర్వాత పులివెందులలో ఒక చెనక్కాయల మండీలో పనికి కుదిరాను. ఆ పని పోవడం శెట్టి తప్పు. రైతులు తెచ్చిన కాయలు కొలిచేటప్పుడు ఆయన మొదటి కొలతను ఒకటి అనేవాడు కాదు, ఆనవాయితీ ప్రకారం 'లాభం' అనేవాడు. లాభం, రెండు, మూడు, అలా సాగేది లెక్క. ఒకరోజు మండీ నిండా జనం ఉన్నప్పుడు నేను ఊరుకోలేక, "మామా, లాభం శెట్టికి పాయె, రెండు కాన్నించీ నీవి, చూసుకో" అని ఒక రైతుతో అన్నాను. మండీ అంతా ఘొల్లుమంది. శెట్టి కొలత ఆపి, తలపాగా సర్దుకుని, "రేయ్, నీ నోరు యాడన్నా పెట్టి, చేతులు తీసుకొని రా. అప్పుడు పని ఇస్తా" అన్నాడు. నోరు లేకుండా రావడం కుదరక నేను మళ్ళీ పోలేదు.

అట్లా తిరిగి తిరిగి జమ్మలమడుగులో మా అక్క ఇంటికి చేరాను. కొత్త రాష్ట్రం వచ్చి, రాజధాని కర్నూలులో డేరాల కింద ఉన్న రోజులవి. సర్కారే డేరాల్లో ఉంటే నేను అక్క ఇంట్లో ఉండటంలో సిగ్గేముందని మా బావతో అన్నాను. బావ మగ్గం గుంటలో కూర్చుని పోగును అటూ ఇటూ విసిరే నాడె ఆడిస్తూ, "సర్కారు కొన్నాళ్ళకు కదుల్తాది లే రా" అన్నాడు.

బావ మంచి నేతగాడు. కానీ ఆ ఏడు ఉబ్బసం పట్టుకుంది. మగ్గం మీద కూర్చుని నేయగలడు గానీ తెల్లవారుజామున వీధిలో నడవలేడు. నాలుగడుగులు వేస్తే రొప్పు. నేత ఇంట్లో మనిషి తెల్లవారుజామున వీధిలో నడవలేకపోతే ఏమవుతుందో చెప్పాలంటే ముందు పడుగు సంగతి చెప్పాలి.

మగ్గానికి ఎక్కే నిలువు పోగుల వరుసే పడుగు. దానికి గంజి పట్టించకపోతే నూలు నిలవదు. అందుకని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా పడుగును పరిచి, రెండు కొసలా కర్రలకు బిగించి కడతారు. జొన్న గంజి తాపి, అది ఆరేలోపల పెద్ద కుంచెతో దువ్వుతూ నడుస్తారు. కుంచెకు ఇద్దరు మనుషులు, పడుగుకు ఇటొకరు, అటొకరు. ఒక జంట వెనక ఒక జంట, నాలుగు జంటలు. ముందువాళ్ళు ఆగితే వెనకున్నవాళ్ళందరూ ఆగాల్సిందే. ఎండ ముదరకముందే పోగుకు పోగు విడిపోయేలా దువ్వేయాలి. ఆలస్యమైతే పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుని అప్పడంలా బిగుసుకుంటాయి. ఆ పడుగు ఇక మగ్గం ఎక్కదు.

ఇది ఒక ఇంటివాళ్ళు చేసుకునే పని కాదు. ఈరోజు మీ పడుగుకు మేం వస్తాం, రేపు మా పడుగుకు మీరు రావాలి. ఇంటికొక మనిషి. మనిషిని పంపలేని ఇంటి పడుగు వీధిలోకి రాదు. ఎవరూ కాగితం మీద రాసుకోలేదు గానీ, ఆ వీధిలో అంతకంటే గట్టి చట్టం లేదు.

బావకు రొప్పు మొదలైనప్పటినుంచి అక్క ఇంటికి మనిషి లేడు. మగ్గం మీదున్న పడుగు అయిపోవస్తోంది. సరిగ్గా అప్పుడు, దేవుడు పంపినట్టు నేను దిగాను. దేవుడు ఇంకెవరినైనా పంపి ఉండొచ్చు. ఆ మాట అక్క నాతో చాలాసార్లు అన్నది.

మా వీధి జట్టుకు ఒక పెద్దాయన ఉండేవాడు. అందరూ ఆయన్ను పెద్దనాయన అనేవారు. మొదటి రోజు పడుగు ఆయనదే. నాకు జతగా నా ఈడువాణ్ణే పెట్టారు. వాడు నవ్వడానికి కారణం కోసం వెతుక్కునే రకం. నాకింకేం కావాలి? కుంచె పట్టుకుని పది అడుగులు వేయకముందే, పెద్దనాయన గంజి వాసన చూసే తీరును అనుకరించాను. అవతలివాడు కిసుక్కున నవ్వాడు. భుజం ఊగింది, కుంచె ఎగిరింది. పుటుక్కున పోగులు తెగాయి.

పోగు తెగడం వింతేమీ కాదు. తెగిన చోట ఆగి, అతికి, మళ్ళీ నడుస్తారు. కానీ నేను ఇరవై ఏళ్ళుగా తప్పెరగని మనిషిని.

"వాడు నగినాడు, తెగె" అన్నాను.

"వాడు నగిపిచ్చినాడు, నగితి" అన్నాడు వాడు.

"నగమని నీకు చెప్పినానా? గమ్మున నడవాల్సింది."

"గమ్మున నడిచేవాణ్ణి నడవనిస్తివా నువ్వు?"

వెనక జంటలు ఆగిపోయాయి. ఆగినవాళ్ళు ఊరికే ఉండలేరు కదా, పంచాయితీకి వచ్చారు. నవ్వినవాడిది తప్పని ఇద్దరు, నవ్వించినవాడిది తప్పని ముగ్గురు. ఇంతకుముందు ఇట్లాంటి గొడవ ఎప్పుడో జరిగిందనీ, అప్పుడు తీర్పు ఇంకోలా చెప్పారనీ ఒకాయన మొదలుపెట్టాడు. నేను మాత్రం నా వాదన శానా చక్కగా వినిపించాను. పోగు తెగింది అవతలివాడి చేతి కింద తప్ప నా చేతి కింద కాదని వేలితో చూపించి మరీ నిరూపించాను. వాదనలో గెలిచాననే ఇప్పటికీ నా నమ్మకం.

పెద్దనాయన ఒక్కడే పంచాయితీకి రాలేదు. పడుగు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మేమందరం నోళ్ళు మూసి చూసేసరికి ఎండ వీధిలో సగం దాకా వచ్చేసింది. ఆయన చెయ్యి ఎత్తితే పోగులు విడివిడిగా లేవలేదు. మొత్తం పలకలాగా లేచింది.

"తేలిందా అప్పా, తప్పెవరిదో?" అన్నాడు.

నేను వాడివైపు, వాడు నావైపు చూశాం.

"ఎవరిదైతే ఏంలే, పడుగు నాది" అని, అక్క ఇంటివైపు తిరిగి గట్టిగా చెప్పాడు. "అమ్మణ్ణీ, రేపట్నుంచి నీ తమ్మున్ని పంపాకు."

అక్క చేతిలో చీపురుతోనే వీధిలోకి వచ్చింది. ఆ చీపురు ముందు నా మీదికే లేచింది, మధ్యలో దారి మార్చుకుంది.

"వాన్ని పంపొద్దంటే నా పడుగు సంగతేంది పెద్దనాయనా? ఆయప్ప నడవలేడు. ఇంగ నా ఇంట్లో ఎవురుండారు? నేను పట్టుకోవాల్నా కుంచె?"

"నువ్వు పట్టుకున్నా ఇంతకంటే బాగుండు."

"వాని నోటికి నేను పూచీ. ఒక్కసారి చూడండి. మా పడుగుకే చూడండి. చెడితే మాదే చెడుతాది గదా, మీదేం బోతాది?"

పెద్దనాయన పలకలాగా ఎండిన తన పడుగును ఇంకోసారి తడిమి చూశాడు. చివరికి, అక్క పడుగు వరస పది రోజుల్లో వస్తుందనీ, ఆ ఒక్క పడుగుకు నన్ను పెట్టి చూస్తామనీ, అది చెడితే ఇక ఆ ఇంటిని వరసలోంచి తీసేసినట్టేననీ చెప్పాడు. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అన్నాడు. "వీనికి జతగా చెవుడు మామను పెట్టండి. ఆయన ముందర ఎంత వాగినా గోడకు చెప్పినట్టే."

వీధి మొత్తం నవ్వింది. నేను చేయని హాస్యానికి అంతమంది నవ్వడం అదే మొదటిసారి. నాకేమీ బాగనిపించలేదు.

చెవుడు మామ మా ఎదురింటి సాయిబు. చిన్నప్పుడు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయట. మాట కూడా తక్కువే. ఆయన కూడా నేతగాడే. నన్ను ఆయనకు అప్పగించినప్పుడు ఆయన నా నోటివైపు చూడలేదు, చేతులు పట్టుకుని తిప్పి చూశాడు. ఎద్దును కొనేవాడు పళ్ళు చూసినట్టుంది.

మరుసటి రోజు మధ్యాహ్నం, వీధిలో ఎవరి పడుగూ లేనప్పుడు, ఆయన కుంచె తెచ్చి ఒక కొస నా చేతికిచ్చాడు. అవతలి కొస ఆయన పట్టుకున్నాడు. నడువు అని సైగ చేశాడు. పడుగు లేదు, గంజి లేదు. మా ఇద్దరి మధ్య ఉన్నది గాలి ఒక్కటే. దాన్నే దువ్వుకుంటూ ఈ చివరినుంచి ఆ చివరకు నడిచాం. అరుగుల మీద ఆసు మీద నూలు చుడుతున్న ఆడవాళ్ళు పని ఆపి చూశారు.

"ఏం పడుగప్పా అది, కంటికి ఆనడంలా?" అన్నది ఒకామె.

"గాలి పడుగమ్మా. దేవతలు కట్టుకునే చీరలకంట" అన్నది ఇంకొకామె.

"గంజి బాగా పట్టిచ్చినారు, రవ్వంతన్నా చిక్కుల్లేవు."

వాళ్ళ మాటలకు తిరిగి ఏదో ఒకటి అనాలని నా నాలుక దురద పెట్టింది. అటు తల తిప్పానో లేదో, కుంచె నా చేతిలో కొంచెం వెనక్కి లాగినట్టైంది. మామ నావైపు చూడను కూడా లేదు. నా అడుగు తడబడ్డ సంగతి ఆయనకు కర్రలోంచే తెలిసిపోయింది.

ఆ తర్వాతి రోజుల్లో నాకు తెలిసిందేమంటే, ఆ కుంచె కట్టెలో ఒక పూర్తి భాష ఉంది. కొంచెం కిందికి ఒత్తితే మెల్లగా అని. పైకి తేలిస్తే బిగువు తగ్గించమని. ముందుకు చిన్న కుదుపు ఇస్తే నడవమని. పోగు తెగితే, గాలి పడుగులో అయితే కుంచె ఊగితే, కట్టెను వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాలి. ఎవరు తెంపితే వాళ్ళే కొట్టాలి. ఆయనకు వినపడకపోయినా చేతికి తెలుస్తుంది. కొట్టగానే ఆయన ఆగేవాడు. అంతే. తిట్టు లేదు, ఎందుకు తెగిందని అడగడం లేదు. తెగిన గాలి పోగును అతికినట్టు వేళ్ళు ఆడించి, మళ్ళీ నడువు అనేవాడు.

మొదట్లో నాకది మహా చిరాకుగా ఉండేది. నేను వాదించాలి కదా? "మామా, ఇది నువ్వు లాగినందుకు" అని నోటితో, చేతులతో, కనుబొమలతో చెప్పి చూశాను. ఆయన చక్కగా ఓపికగా నా ముఖం చూశాడు. అంతా అయ్యాక మళ్ళీ కట్టె మీద వేలు పెట్టి చూపించాడు. రెండుసార్లు కొట్టు. నేను చెప్పిన వాదన మొత్తానికీ ఆయన దగ్గర అంతే జవాబు. అయ్యవారు అన్నేళ్ళు బెత్తంతో నేర్పలేకపోయింది ఈయన బెత్తం లేకుండా, మాట లేకుండా వారంలో నేర్పాడు. కాకపోతే పాఠం అందరూ చూస్తుండగా, గాలిలో.

ఇంటికి వస్తే బావ ఉండేవాడు. "ఏమబ్బీ, ఈరోజు ఎన్ని గజాల గాలి నేస్తిరి?" అని అడిగేవాడు. బావ కాబట్టి అనొచ్చు. నేనూ అనొచ్చు గానీ, ఆయన నవ్వితే దగ్గు తెర పట్టుకునేది. అక్క నావైపు చూసేది. నేను ఊరుకునేవాణ్ణి. ఊరుకోవడం అక్కడే మొదలైంది.

అక్క పడుగు రోజు రానే వచ్చింది. తెల్లవారకముందే లేచి అక్క గంజి కాచింది. మగ్గం మీద పాత పడుగు ముందురోజే అయిపోయింది. ఖాళీ మగ్గం ఉన్న ఇంట్లో ఒక రకమైన నిశ్శబ్దం ఉంటుంది. బావ అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఆయన ఏమీ ఎగతాళి చేయలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

నడక మొదలైంది. ముందు జంట మేమే, నేనూ మామా. కుంచె చక్కగా జారుతోంది. పోగులు తడితో మెరుస్తూ విడిపోతున్నాయి. సగం దాకా వచ్చాం. అప్పుడు వీధి మలుపులో ఒక తలపాగా కనిపించింది. పులివెందుల శెట్టి.

ఇంట్లో ఏదో శుభకార్యం ఉండి, నేతవాళ్ళ దగ్గరే చీరలు చూసుకుందామని వచ్చాడట. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పటికైతే నా పాపం పండి బస్సెక్కి వచ్చినట్టే అనిపించింది. ఆయన నన్ను గుర్తుపట్టాడు. ముఖం విప్పారింది. పడుగు పక్కనే నాతోపాటు నడవడం మొదలుపెట్టాడు.

"ఓహో, నువ్వా! ఈడ తేలినావా?"

నేను నడుస్తున్నాను.

"ఏమప్పా, పలకవు? నోరు యాడ పెట్టొస్తివి? నేను చెప్పినట్టే చేస్తివే!"

వెనక జంటలో ఎవరో ముక్కుతో నవ్వారు. నా చెవులు కాలిపోతున్నాయి. అవతల మామకు ఏమీ వినబడదు. ఆయన కళ్ళు పడుగు మీదే ఉన్నాయి.

"మండీలో ఏం మాటలు, ఏం మాటలు! లాభం నాకు పాయెనంట, రెండు కాన్నించీ రైతువంట. ఇప్పుడు లెక్క చెప్పురా, వింటాం."

నా చెయ్యి బిగుసుకుంది. అవతలినుంచి కుంచె పైకి తేలింది. వదులు చెయ్యమని. వదిలాను. మళ్ళీ బిగుసుకుంది. మళ్ళీ తేలింది.

ఇంతలో శెట్టికి అవతలి వైపు ఇంటికి పోవాల్సి వచ్చింది. వీధి పొడుగునా పడుగు ఉంది. దాటాలంటే దాని కిందుగా దూరాల్సిందే. ఆ భారీ మనిషి తలపాగా ఒక చేత్తో పట్టుకుని, నడుం వంచి, ఇంకా వంచి, మోకాళ్ళు వంచి, బాతులాగా నా ముందునుంచే దూరాడు. అప్పుడు నాకొక మాట తట్టింది. అట్లాంటి మాట నా జన్మలో మళ్ళీ తట్టలేదు. నాలుక కొసకు వచ్చి కూర్చుంది. ఒక్క ఊపిరి వదిలితే చాలు, వీధి వీధంతా పడి పడి నవ్వుతుంది. కుంచెలు పట్టుకున్న ఆ ఏడుగురితో సహా.

అరుగు మీద దుప్పటి కప్పుకున్న మనిషి కనిపించాడు. మాట మింగాను.

మింగాను గానీ చేతికి ఆ సంగతి తెలియదు కదా. నాలుక ఆపిన కోపమంతా చేతిలోకి దిగింది. కుంచె నావైపు ఒక్కసారి ఒరిగింది. పుటుక్కుమంది.

నా చేతి కిందే. ఈసారి వేలితో చూపించి నిరూపించే పని కూడా లేదు. శెట్టి అవతల లేచి నిలబడి, కండువా దులుపుకుంటూ చూస్తున్నాడు. వీధంతా చూస్తోంది. ఇప్పుడు చెప్పాల్సింది ఇరవై ఏళ్ళుగా నా నోటినుంచి రాని మాట. కట్టె మీద రెండుసార్లు కొట్టాను. మామకు అది చాలు. కానీ వెనక ఉన్నవాళ్ళకు చెప్పాలి.

"నాదే" అన్నాను. అది వెనక జంట దాకా పోలేదు. మళ్ళీ గట్టిగా, "నాదే, తెగింది" అన్నాను.

శెట్టి ఫక్కున నవ్వాడు. "అబ్బా! నోరు ఉందిరోయ్!"

కానీ ఇంకెవరూ నవ్వలేదు. నవ్వడానికి వాళ్ళకు తీరిక లేదు. వెనక జంటలోంచి ఒకాయన వంగి కొసలు వెతికాడు, మామ తన వైపు కుంచెను నిశ్చలంగా పట్టుకున్నాడు, పెద్దనాయన వేళ్ళు వచ్చి పోగులను అతికాయి. ఎట్ల తెగింది అని ఎవరూ అడగలేదు. చుట్ట ముట్టించుకునేంత సేపు కూడా పట్టలేదు. కుంచె ముందుకు చిన్న కుదుపు ఇచ్చింది. నడువు అని. నడిచాను.

చివరికి చేరేసరికి ఎండ ఇంకా ఇళ్ళ కప్పుల మీదే ఉంది. పెద్దనాయన పడుగు మీద చెయ్యి వేసి ఎత్తాడు. పోగులు జలజలా విడిపోయాయి. అక్క వాకిట్లో కూలబడి ముఖం కొంగులో పెట్టుకుంది. బావ, "ఇంగేందే, లేసి నూనె తీసుకురా" అన్నాడు. చివరి దువ్వుకు కొంచెం నూనె తగలాలి. ఆయన గొంతు బాగాలేదు. ఉబ్బసం అనుకున్నాను.

పని అయ్యాక నా పాత జతగాడు దగ్గరికి వచ్చాడు. "రేయ్, ఆ శెట్టి అట్ల వంగినప్పుడు నీ మొఖం చూసినా. ఏదో ఉండాది నీ నోట్లో. ఏందది?"

అందరూ చుట్టూ చేరారు. ఇక పర్లేదు కదా. గొంతు సవరించుకుని చెప్పాను. "శెట్టీ, నీ ముందర ఊరు ఊరంతా వంగుతాంటే చూసినా. నువ్వు వంగేది నూలుపోగు ముందరేనా?"

ఎవరూ నవ్వలేదు. ఒకాయన తల ఊపాడు. "బాగుండాది" అన్నాడు ఇంకొకాయన, జబ్బు మనిషిని పరామర్శించినట్టు. అప్పటికే శెట్టి వెళ్ళిపోయాడు. వంగిన నడుం లేదు, పట్టుకున్న తలపాగా లేదు. మాట కూడా గంజిలాంటిదే, ఆరిపోయాక దానితో ఏ పనీ జరగదు. ఇప్పుడు కాగితం మీద పెట్టి చూస్తే మీకూ ఏమంత గొప్పగా అనిపించదు. ఆ క్షణంలో మటుకు అది వజ్రం. మీరు నమ్మాలి.

అప్పుడు చెవుడు మామ ముందుకు వచ్చాడు. మేం ఏం మాట్లాడుకుంటున్నామో ఆయనకు తెలియదు. కానీ తువ్వాలు తీసి తలకు చుట్టుకున్నాడు. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, నడుం వంచి, ఇంకా వంచి, మోకాళ్ళు వంచి, లేని పడుగు కింద బాతులా దూరాడు. అవతల లేచి నిలబడి, లేని పొట్ట సవరించుకుని, కండువా దులుపుకున్నాడు. వీధి పగిలిపోయింది. పెద్దనాయన నవ్వలేక అరుగు పట్టుకున్నాడు. బావకు దగ్గు వచ్చింది, దగ్గుతూనే నవ్వాడు. అక్క ఆయన వీపు రాస్తూ నవ్వింది. ఒక్క మాట లేకుండా, పడుగు పూర్తిగా అయ్యేంతవరకూ ఓపిక పట్టి, ఆ మనిషి నా పొట్ట కొట్టాడు.

నేనూ నవ్వాను. ఏం చేస్తాను? నా హాస్యం కంటే బాగుంది.

జనం చెదిరాక పెద్దనాయన మా వాకిట్లో ఆగాడు. నావైపు చూడలేదు, అక్కతోనే మాట్లాడాడు.

"అమ్మణ్ణీ, ఎల్లుండి మా ఇంటి పడుగు. మీ ఇంటి మనిషిని పంపు."

పది రోజుల కిందట నేను ఆమె తమ్ముణ్ణి. అక్క సరేనంది. ఆయన రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు.

"మాటలుంటే వీధి చివర తిరిగే కాడ చెప్పమను. మధ్యలో వద్దు."

ఆ తర్వాత ఆ వీధిలో ఎన్నో పడుగులకు నడిచాను. రాజధాని డేరాలు ఎత్తి హైదరాబాదుకు పోయింది, నేను మాత్రం పోలేదు. ఇప్పటికీ జమ్మలమడుగులో టీ కొట్టు దగ్గర ఏదైనా తమాషా సంగతి చెప్పడం మొదలుపెడితే, అసలు మాట దగ్గరికి రాగానే కాసేపు ఆగిపోతాను. విసుగొచ్చి, "ఏందిరా, ఆడ ఆపితివి?" అంటారు. వీధి చివర ఇంకా రాలేదని వాళ్ళకెట్లా చెప్పేది?